పద్మిని ఆపించిన ఫైట్

ఫోను మళ్ళీ మోగింది. హరనాథ్ తీయలేదు. పద్మినీ తీయలేదు. వంటింటి గోడకున్న ఆ పసుప్పచ్చ ఫోను మోగి మోగి దానంతటది ఊరుకునేదాకా ఆయన కిటికీలోంచి పెరట్లోకి, ఆవిడ పొయ్యి మీది పెనంలోకి చూస్తూ ఉండిపోయారు.

ఆదివారం పొద్దున్నుంచీ న్యూజెర్సీ పార్సిప్పనీలోని ఆ ఇంట్లో ఇదే వరస. ముందురోజు మధ్యాహ్నం టీవీలో, అట్లాంటిక్ సిటీ బాక్సింగ్ రింగు తాళ్ళ సందులోంచి వంగి లోపలికి దూరి, ఒక ఫిలిప్పీన్స్ బాక్సర్ కంట్లోకి లైటు వేసి చూసి, చెయ్యి అడ్డంగా ఊపి ఫైట్ ఆపించేసిన డాక్టరమ్మ మన పద్మినే అన్న సంగతి తెలుగువాళ్ళందరికీ పాకిపోయింది. చీర మీద తెల్లకోటు వేసుకుని రింగెక్కిన మనిషిని అంతకుముందు ఎవరూ చూసి ఉండలేదు కనుక, పోల్చుకోవడంలో ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

చికాగో నుంచి పద్మిని స్నేహితురాలు శశికళ పొద్దున్నే ఫోన్ చేసి, ఎవరు తీశారో కూడా కనుక్కోకుండా, "మా రాజ్ టేప్ చేశాడే, నీ బొట్టు కూడా క్లియర్‌గా కనిపించింది" అని మొదలుపెట్టింది. తీసింది హరనాథ్. ఆ తరవాత ఆయన ఇంక ఫోను జోలికి పోలేదు.

ఆయన బాధ ఆయనది. నిన్న ఆ సమయానికి రామమోహన్ గారి బేస్‌మెంటులో ఉగాది కార్యక్రమం మీటింగులో ఉన్నాడు. మూల టీవీ నడుస్తోంది. పద్మిని రాలేదేమని ఎవరో అడిగితే, కంటి డాక్టర్ల కాన్ఫరెన్సుకి వెళ్ళిందని కాస్త గొప్పగానే చెప్పాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే రామమోహన్ గారి అమ్మాయి విద్య టీవీ వైపు వేలు చూపించి, "అంకుల్, దట్స్ పద్మినీ ఆంటీ" అంది. మీటింగులో అందరూ లేచి టీవీ ముందుకి చేరారు. ఉగాది సంగతి ఎవరికీ గుర్తులేదు.

"కాన్ఫరెన్సని నేననలేదండీ," అంది పద్మిని పెసరట్టు తిరగేస్తూ. "అట్లాంటిక్ సిటీలో డాక్టర్ పని ఉందన్నాను."

హరనాథ్ నిన్న సాయంత్రం నుంచీ ఆవిడతో మాట్లాడటం మానేశాడు. తప్పనిసరైతే పదమూడేళ్ళ కూతురు రేణుతో చెప్పిస్తున్నాడు.

"రేణూ, కాఫీ ఉందేమో అమ్మనడుగు."

"నాన్నా, షీ కెన్ హియర్ యూ," అంది రేణు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

పద్మిని కాఫీ కలిపి బల్ల మీద పెట్టింది. ఆయన తీసుకున్నాడు గానీ ఆవిడ మొహం చూడలేదు. పెళ్ళయి పదహారేళ్ళలో ఆయన ఇంతసేపు మాట్లాడకుండా ఉండటం ఇదే మొదలు. ఎప్పుడైనా గట్టిగా అరిచేసి, అరగంటకల్లా మర్చిపోయే మనిషి. అరిచినా బాగుండునని ఆవిడకి అనిపించింది.

అసలు ఇదంతా డాక్టర్ దోరో వల్ల వచ్చింది. తియోదోరో ఆయన పూర్తి పేరు. పద్మిని పనిచేసే హాస్పిటల్లోనే మత్తు డాక్టరు. ఫిలిప్పీన్స్‌లో బొహోల్ అనే దీవి నుంచి వచ్చాడు. బాక్సింగ్ అంటే ప్రాణం. సెలవు దొరికితే అట్లాంటిక్ సిటీ వెళ్ళి, పోటీలు జరిగేటప్పుడు రింగు పక్కన ప్రభుత్వం తరఫున కూర్చునే డాక్టర్లలో తనూ ఒకడుగా కూర్చుంటాడు. నిన్నటి పోటీలో మాత్రం తను కూర్చోనన్నాడు. రెనాటో అని తన దీవి కుర్రాడే ఆడుతున్నాడు. తను వాణ్ణి చిన్నప్పట్నుంచీ ఉత్తరాల్లో ఎరుగును. తన మనసు తిన్నగా ఉండదు కనుక, ఏ పక్షమూ లేని డాక్టర్ కావాలని ఆయనే పద్మినిని బతిమాలి ఒప్పించాడు.

"టీవీలో కనిపిస్తానేమో," అని పద్మిని అప్పుడే అడిగింది.

ఆ భయం అక్కర్లేదన్నాడు దోరో. టీవీ వాళ్ళకి కావలసింది హెవీవెయిట్లు, గేదెల్లా ఒకరి మీద ఒకరు వాలిపోయి రొప్పే పెద్ద మనుషులు. చిన్నవాళ్ళు ఎంత బాగా ఆడినా కెమెరా ఇటు తిరగదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆ ధైర్యంతో రండి అన్నాడు. తీరా చూస్తే నిన్న ఆ పెద్దవాళ్ళ పోటీ మొదటి రౌండులోనే అయిపోయింది. ఒకడు పడ్డాడు, లేవలేదు. టీవీ వాళ్ళకి గంట ఖాళీ వచ్చింది. వేరే దారి లేక చిన్నవాళ్ళ పోటీ చూపించారు.

"నాకు బాక్సింగంటే పడదని తెలుసు కనక చెప్పలేదంటావు," అన్నాడు హరనాథ్ ఉన్నట్టుండి. కాఫీ కప్పుతోనే మాట్లాడినట్టుంది గానీ, మాటలు మాత్రం పద్మినికే.

ఆవిడ పొయ్యి కట్టేసింది. "అవును. శనివారాల్లో మీ నాన్నగారూ దోరోగారూ టీవీ ముందు కూర్చుంటే మీరు లేచి పెరట్లోకి పోతారు. వద్దంటారని భయమేసింది. వచ్చాక చెబుదామనుకున్నాను."

"వచ్చేసరికి చెప్పడానికేం మిగిలింది? ఊరందరికీ తెలిశాక ఆఖర్ని నాకు తెలిసింది. వెళ్ళినందుకు కాదు పద్మినీ. ఇంట్లో ఉన్నవాడికి చెప్పుకోవాలని తోచలేదు చూడు, అదీ."

ఆవిడకి తప్పు తనదేనని తెలుస్తూనే ఉంది. ఆ మాట పైకి అనబోతుండగా హాల్లోంచి యజ్ఞనారాయణ దగ్గు వినిపించింది.

యజ్ఞనారాయణ హరనాథ్ తండ్రి. వాల్తేరు రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చేశాడు. మొదటి చలికాలం ఏం తోచక టీవీ ముందు కూర్చుని, దోరో పక్కన బాక్సింగ్ చూడ్డం నేర్చుకున్నాడు. ఆయన నోట దోరో 'దొర' అయిపోయాడు. ఇప్పుడు పోటీ చూస్తూ ఎవరు గెలుస్తున్నారో ఇద్దరూ వేళ్ళ మీద లెక్కలు వేసుకుంటారు. ఇద్దరి లెక్కలూ ఎప్పుడూ కలవవు.

ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "అమ్మాయి నాకు చెప్పిందిరా," అన్నాడు.

హరనాథ్ తండ్రి వంక చూశాడు. "మీకు తెలుసా?"

"తెలుసు. తెల్లకోటు వేసుకెళ్ళమన్నది నేనే. చీర మీద రక్తం పడితే పోదు."

రేణు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. పుస్తకం కదులుతోంది. హరనాథ్ కప్పు సింకులో పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కోయడానికి గడ్డి ఇంకా లేవలేదు. అయినా మెషీను బయటికి తీసి, దాని చుట్టూ తిరిగి చూస్తూ నిలబడ్డాడు.

దోరో కారు వచ్చిన చప్పుడు అప్పుడే అయింది.

ప్రతి ఆదివారం ఆయన ఈ ఇంటికి పెసరట్టు తినడానికి వస్తాడు. వస్తూ వస్తూ యజ్ఞనారాయణ కోసం మాంసం లేకుండా చేయించిన నూడుల్స్ గిన్నెడు తెస్తాడు. ఇవాళ చేతిలో గిన్నె లేదు. మొహంలో నవ్వు లేదు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు.

"ఎందుకు ఆపావు?" అన్నాడు.

ఇంగ్లీషులో నువ్వూ మీరూ ఒకటే గనక మాటలో తేడా కనిపించదు. కానీ ఇన్నేళ్ళూ ఆ గొంతులో వినిపించిన 'మీరు' పోయి, ఇవాళ 'నువ్వు' వచ్చిందని పద్మినికి తెలిసిపోయింది.

"కన్ను బాగాలేదు. అందుకని ఆపాను," అంది.

"కనుబొమ మీద గాటు. నేను టీవీలో మళ్ళీ చూశాను. బియ్యపు గింజంత గాటు. ఆ మాత్రం దెబ్బకి ఎవరూ ఆపరు."

పద్మిని తువ్వాలు అందుకుంది.

దోరో ఆగలేకపోయాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. యజ్ఞనారాయణ కుర్చీ ముందుకి జరిపినా చూడలేదు. నిలబడే చెప్పుకుపోయాడు. అమెరికాలో పోటీ పెట్టేవాళ్ళు ఫిలిప్పీన్స్ వాళ్ళని గెలవడానికి పిలవరన్నాడు. ఇక్కడి కుర్రాడు ఒకడు పైకి రావాలంటే వాడి చేతిలో ఓడిపోవడానికి ఒక మనిషి కావాలి. అలాంటప్పుడు మనీలాకి ఫోన్ వెళ్తుంది. పోటీ ఇంకో రెండు వారాలుందనగా కబురొస్తుంది. ఆ పిల్లాడు సగం ప్రపంచం దాటి విమానం దిగుతాడు, నిద్ర ఉండదు, తిండి పడదు, చలికి వేళ్ళు వంగవు. అయినా రింగెక్కి అన్ని రౌండ్లూ నిలబడితే, జడ్జీలకి ఇక్కడివాడి గుద్దులే కనిపిస్తాయి.

"అరవై ఏళ్ళ కిందట ఈ పక్క న్యూయార్కులోనే మా వాడొకడు, నీ భుజందాకా వస్తాడేమో, ప్రపంచ ఛాంపియనయ్యాడు. ఇప్పుడు వీధిలోకెళ్ళి అడుగు, ఒక్కడు వాడి పేరు చెప్పలేడు. నేను బొహోల్లో మంగలి కొట్టు బయట నిలబడి రేడియోలో ఫైట్లు విన్నవాణ్ణి. ఇరవై ఏళ్ళనుంచి ఇక్కడ చూస్తున్నాను, మా వాడొకడు టీవీలో గెలుస్తాడేమోనని. నిన్న గెలుస్తున్నాడు పద్మినీ. ముసలాయన్నడుగు."

"మూడు రౌండ్లు పైన ఉన్నాడు," అన్నాడు యజ్ఞనారాయణ.

"నాలుగు," అన్నాడు దోరో.

"మూడు. ఐదోది వాడిది కాదు దొరగారూ."

ఇంకోరోజైతే అక్కడ ఇద్దరికీ వాదన మొదలయ్యేది. దోరో ఆయన వైపైనా తిరగలేదు. "నిన్ను నేనే పంపించాను," అన్నాడు పద్మినితో. "నా చేతులతో నేనే."

పద్మిని తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. చెబితే ఒక్క మాటలో తేలిపోతుంది. కానీ ఆ మాట తనది కాదు. నిన్న డ్రెస్సింగ్ రూంలో రెనాటో ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పొద్దని, దోరోకి అసలే చెప్పొద్దని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. సోమవారం తన క్లినిక్‌కి వచ్చి సరిగ్గా చూపించుకుంటానంటే, అంతవరకూ చెప్పనని ఆవిడ మాటిచ్చింది.

నిన్నటిదంతా ఆవిడ కళ్ళముందే ఉంది. ఏడో రౌండయ్యాక కనుబొమ గాటు చూడమని రిఫరీ పిలిచాడు. గాటు చిన్నదే. కానీ ఆ కుడికన్ను వాచి మూసుకుపోతోంది. ఎడమకన్నుతో ఎంతవరకు చూస్తున్నాడోనని, కుడికంటికి చెయ్యి అడ్డం పెట్టి రెండు వేళ్ళు చూపించింది. రెండన్నాడు. మూడు చూపించింది. మూడన్నాడు. కానీ ఆ చూపు వేళ్ళ మీద లేదు. అప్పుడు కనిపించిందావిడకి, స్టూలు వెనక కూర్చున్న శిక్షకుడి చెయ్యి కుర్రాడి వీపు మీద ఉంది. వేళ్ళతో లెక్క తట్టి చెబుతున్నాడు. పద్మిని తన చెయ్యి కిందికి దించి, ఆ మనిషికి కనపడకుండా కోటు చాటున పట్టుకుని, ఒక్క వేలు చూపించింది. రెనాటో నోరు విప్పలేదు. ఎనిమిదో రౌండు గంట కొట్టబోతున్నారు. ఆవిడ చెయ్యి ఊపింది.

రెండో కన్ను లేకుండా, ఉన్న ఒక్క కన్నూ మూసుకుపోతూ ఉండగా, ఆ కుర్రాడు గెలుస్తున్నాడు.

"నాకు చెప్పవలసిన కారణం ఉంటే చెప్పు," అన్నాడు దోరో. "లేకపోతే వెళ్తాను."

"ఇవాళ చెప్పలేను డాక్టర్," అంది పద్మిని.

దోరో తలూపి వెనక్కి తిరిగాడు. అప్పుడు రేణు కిటికీ దగ్గర్నుంచి, "దోరో అంకుల్, మీ కార్‌లో ఎవరో ఉన్నారు," అంది.

రెనాటో ఉన్నాడట. పద్మిని గారింటికి వెళ్ళాలని వాడే అడిగితే తీసుకొచ్చానని, తీరా వచ్చాక సిగ్గుపడి కారు దిగలేదని చెప్పాడు దోరో.

"అన్నంవేళకి మనిషి ఇంటి ముందుకొస్తే కారులో కూర్చోబెడతారా?" అంటూ యజ్ఞనారాయణ చెప్పులేసుకున్నాడు. కానీ ఆయన గుమ్మం దాటేసరికే, పెరట్లోంచి చుట్టు తిరిగి వచ్చిన హరనాథ్ కారు తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. ఆయన ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. రెనాటో దిగి ఆయన వెనకే వచ్చాడు.

టీవీలో రాయిలా కనిపించినవాడు ఇంట్లోకి వచ్చేసరికి కాలేజీ పిల్లాడిలా ఉన్నాడు. కనుబొమ మీద పట్టీ. ఎవరిదో అడిగి తెచ్చుకున్నదేమో, పొడుగు చేతుల కోటు. కుడికన్ను వాపు కాస్త దిగి సందులోంచి చూస్తోంది. అందరికీ వంగి దణ్ణంలాంటిదేదో పెట్టి, చూపించిన సోఫాలో ఒక చివర ఒదిగి కూర్చున్నాడు.

"ముందు కాస్త మజ్జిగ తాగనివ్వండి," అని యజ్ఞనారాయణ గ్లాసు తెచ్చి, కుర్రాడికి ఎడమవైపు నిలబడి అందించాడు.

రెనాటో తీసుకోలేదు.

ఆయన గ్లాసు ఇంకొంచెం ముందుకి చాచాడు. కుర్రాడి చెంపకి జానెడు దూరంలో ఉంది. రెనాటో ఎదురుగా ఉన్న రేణుని చూసి మొహమాటంగా నవ్వుతున్నాడు. పక్కన ఒక చెయ్యి, చేతిలో గ్లాసు ఉన్నాయని వాడికి తెలియనే లేదు. ముసలాయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

దోరో చూశాడు. హాలు మధ్య నిలబడ్డవాడు మెల్లిగా వచ్చి, కుర్రాడి ఎడమవైపు తన చెయ్యి పెట్టి ఊపాడు. తరవాత ఇంకా దగ్గరగా ఊపాడు. పద్మిని వంక తిరిగాడు. ఆవిడ తల దించుకుంది.

"ఎన్నాళ్ళయింది?" అని కుర్రాణ్ణి అడిగాడు దోరో.

రెనాటోకి అప్పుడు అర్థమైంది. నేల చూస్తూ చెప్పాడు. పోయిన వర్షాకాలం తమ దేశంలో, సెబూ ఊళ్ళో ప్రాక్టీసులో దెబ్బ తగిలిందట. ముందు మెరుపులు, తరవాత ఒక పక్కనుంచి తెర దించినట్టు చీకటి. ఇప్పుడు వెలుతురు మాత్రం తెలుస్తుంది. కంటి పరీక్షలో చార్టు మీది అక్షరాలు వరసగా బట్టీ పట్టానని చెప్పినప్పుడు వాడి మొహంలో చిన్న గర్వం కూడా కనిపించింది.

దోరో సోఫాలో కూలబడ్డాడు. పద్మినితో, "మీరు ఇందాక ఆ మాట చెప్పి ఉండవచ్చు," అన్నాడు.

'మీరు' తిరిగొచ్చింది. "మాటిచ్చాను," అంది పద్మిని.

హరనాథ్ ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. నిన్న టీవీలో చూసినప్పుడు ఆయనకి కనిపించింది ఒక్కటే, తన భార్య ఉండకూడని చోట ఉంది. మిగతా ఏదీ చూడలేదు. ఇప్పుడు వచ్చి యజ్ఞనారాయణ చేతిలోంచి గ్లాసు తీసుకుని, కుడివైపుకి వెళ్ళి కుర్రాడికి అందించాడు. తరవాత పద్మిని వైపు తిరిగి, నేరుగా ఆవిడతోనే అడిగాడు.

"ఆపరేషన్ చేస్తే చూపొస్తుందా?"

"కంటి లోపలి పొర ఊడింది. ఇంకా ఆలస్యం కాకపోతే అతికించవచ్చు. అంతా రాదు, కొంత రావచ్చు. కానీ ఇంకొక్క దెబ్బ తగిలితే నేనేమీ చెప్పలేను."

"అయితే రేపే చేయించుకోమను."

రెనాటో గ్లాసు కింద పెట్టి తల అడ్డంగా ఊపాడు. ఇంకో మూడు వారాల్లో టెక్సస్‌లో పోటీ ఉందన్నాడు. న్యూజెర్సీలో ఆడకూడదన్నారు గానీ, ఇక్కడి మాట అక్కడివాళ్ళకి అందేలోపు వేరే పేరుతో ఆడేయొచ్చని మేనేజర్ చెప్పాడట. అది గెలిస్తే పెద్ద పోటీలోకి పిలుస్తారు. "అది ఒక్కటి ఆడి ఆపరేషన్ చేయించుకుంటాను," అంటూ దోరో వైపు తిరిగాడు. "మానోయ్ సంతోషిస్తారు." వాళ్ళ భాషలో మానోయ్ అంటే అన్నగారు.

దోరో మొహం చూడ్డానికి పద్మినికి కష్టమనిపించింది. మంగలి కొట్టు ముందు నిలబడి రేడియో విన్న పిల్లవాడు, ఆపరేషన్ థియేటర్లో మనుషుల్ని నిద్రపుచ్చి మళ్ళీ లేపే డాక్టరు, ఇద్దరూ ఆ ఒక్క మొహంలోనే ఉన్నారు. ఒక్కసారి ఊఁ అంటే చాలు, వీడు వెళ్తాడు. గెలిచినా గెలుస్తాడు.

ఆయన లేచాడు.

"మీ మేనేజర్ ఎక్కడ దిగాడు?"

న్యూవార్క్ ఎయిర్‌పోర్టు దగ్గరి మోటెల్‌లో అని చెప్పాడు రెనాటో, మెల్లిగా.

"ఎన్నో ఏళ్ళు కుర్చీలో కూర్చుని, కొట్టు కొట్టు అని అరిచాను," అన్నాడు దోరో. "ఇవాళ ఆ మనిషితో నేను మాట్లాడాలి." కారు తాళాలు తీసుకున్నాడు. అవి జారి కింద పడ్డాయి.

హరనాథ్ వంగి తాళాలు తీశాడు. తిరిగి ఇవ్వలేదు. "మీరీ స్థితిలో డ్రైవ్ చెయ్యకూడదు. నేను తీసుకెళ్తాను," అని గోడకున్న కోటు అందుకున్నాడు.

ఆ ఇంట్లో బాక్సింగ్ పేరు చెబితే లేచి పెరట్లోకి పోయే మనిషి, బాక్సింగ్ మేనేజర్‌తో మాట్లాడటానికి బయలుదేరుతున్నాడు. పద్మిని ఆయన వెనకే గుమ్మందాకా వెళ్ళింది.

"నేనూ రానా?"

"నువ్వు ఆ అబ్బాయిని చూడు," అన్నాడు. రెండు మెట్లు దిగి ఆగాడు. "చెప్పే వెళ్తున్నాను, చూశావా."

నిన్నట్నుంచి మొదటిసారి పద్మినికి నవ్వొచ్చింది. "ఇంక నేనూ చెప్పే వెళ్తానండీ," అంది. ఆయన వినపడనట్టు కారెక్కాడు గానీ, తలుపు వేస్తుంటే ఆయన మొహంలో కోపమేమీ కనిపించలేదు.

కారు వీధి మలుపు తిరిగేదాకా చూసి ఆవిడ లోపలికి వచ్చింది. యజ్ఞనారాయణ రెనాటోని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఐదో రౌండు ఎవరిదో చెప్పమని నిలదీస్తున్నాడు. తను ఓడినట్టే ఉందని కుర్రాడు ఒప్పుకునేసరికి ముసలాయన ముఖం వెలిగిపోయింది. రేణు కుర్చీ జరుపుకుని వాడికి కుడివైపుకి వచ్చి కూర్చుంది.

పద్మిని పెనం మళ్ళీ వేడి చేసి పెసరట్టు వేసింది. మొదటిది రెనాటో రెండు ముక్కల్లో తినేశాడు. రెండోది వడ్డిస్తుంటే, "డాక్టర్," అన్నాడు నెమ్మదిగా. "నాకు టెక్సస్ వెళ్ళాలని లేదు."

ఆవిడ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "మరి ఇందాక అలా అన్నావేం?"

"మానోయ్ ముందు ఎలా అంటాను? నేను పిల్లాడిగా ఉన్నప్పట్నుంచీ ఉత్తరం రాసిన ప్రతిసారీ, నిన్ను టీవీలో చూడాలని రాశారు. మేనేజర్ నాకు తిండి పెట్టి పెంచాడు. ఆయనకీ వద్దని చెప్పలేను. ఎవరికి వద్దని చెప్పాలన్నా నాకు నోరు రాదు." ఉన్న కంటితో ఆవిడ వంక తేరిపార చూశాడు. "నిన్న అంతమందిలో, వద్దని చెప్పిన మనిషి మీరొక్కరే. అందుకని పొద్దున్న ఫోన్ చేసి, ఈ అడ్రసిచ్చి, ఆయన్ని ఇక్కడికే రమ్మన్నాను."

"ఎవర్ని?"

"మా మేనేజర్ని. మోటెల్‌లో లేడు. మానోయ్‌కి ఆ మాట చెబుదామనుకునేలోపు వాళ్ళు బయలుదేరిపోయారు."

యజ్ఞనారాయణ తినడం ఆపాడు. ఇంటి ముందు పెద్ద కారొకటి ఆగిన చప్పుడైంది. రేణు లేచి కిటికీ తెర తొలగించి చూసింది. లావుపాటి మనిషొకడు, నోట్లో వెలిగించని చుట్ట పెట్టుకుని, ఇంటి నంబరు చూసుకుంటూ మెట్ల వైపు వస్తున్నాడట. ఆయన వెనక ఇంకో ఇద్దరున్నారట.

"ఆయన చాలా గట్టిగా మాట్లాడతాడు," అన్నాడు రెనాటో లేచి నిలబడుతూ.

"నువ్వు కూర్చో," అంది పద్మిని. కొంగు నడుముకి దోపుకుని పొయ్యి మంట కాస్త తగ్గించింది. "రేణూ, తలుపు తియ్యి. మావయ్యగారూ, ఇంకో మూడు కంచాలు పెట్టండి. పిండి సరిపోతుంది."